కుండీ దాటి మా మడిలోకి రండి: చౌడు నేలల బ్యాక్టీరియా శాస్త్రవేత్తలకు ఒక రైతు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఉప్పును ఇష్టపడే మట్టి బ్యాక్టీరియా సాయంతో చౌడు నేలల్లో పంట నిలబెట్టాలని ప్రయత్నిస్తున్న శాస్త్రవేత్తలకు, ఆ పరిశోధనకు డబ్బిచ్చే సంస్థలకు, ఆ బ్యాక్టీరియా సీసాల్లో అమ్మకానికి వచ్చినప్పుడు అనుమతి మీద సంతకం పెట్టే అధికారులకు ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను మైక్రోబయాలజీలో డిగ్రీ చదివి, ల్యాబ్ ఉద్యోగానికి వెళ్లకుండా నాన్న చేసిన పొలంలోకే తిరిగొచ్చినవాణ్ణి. మీ పరిశోధన పత్రాలు దొరికినన్ని చదువుతుంటాను. అన్నీ అర్థమవుతాయని చెప్పను. కానీ మీరు చేస్తున్న పని ఏమిటో తెలుసు, దాని అవసరం ఎంతో ఇంకా బాగా తెలుసు.

మా పొలంలో పల్లపు వైపు రెండు మడులు చౌడు తేలాయి. నా చిన్నప్పుడు అవి మిగతా మడుల్లాగే పండేవి. తర్వాత పైనుంచి నీళ్లు పెట్టడం ఎక్కువైంది, మురుగు పోయే కాలువ పూడిపోయింది, భూమి లోపలి నీటిమట్టం పైకి వచ్చింది. ఆ నీటితోపాటు ఉప్పూ పైకి వచ్చింది. ఎండాకాలం పొద్దున్నే వెళ్లి చూస్తే సున్నం చల్లినట్టు మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తుంది. నారు నాటిన పది రోజులకే ఆకుల కొసలు మాడడం మొదలవుతుంది. పచ్చగా ఉన్న చోటికి పదడుగుల దూరంలోనే గడ్డిపరక కూడా మొలవని బోడి మచ్చ ఉంటుంది. బతికిన దుబ్బులకు పిలకలు తక్కువ. ఎలాగో వెన్ను తీసినా గింజ సగం తాలు.

ఇది మా రెండు మడుల గోడు మాత్రమే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఉప్పు బారిన పడిన నేల సుమారు 138 కోట్ల హెక్టార్లు. భూమ్మీద ఉన్న మొత్తం నేలలో ఇది పదో వంతు దాటింది. ఐక్యరాజ్య సమితి విశ్వవిద్యాలయం నిపుణులు 2014లో వేసిన లెక్క చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వానలు తక్కువ పడే ప్రాంతాల్లోని సాగునీటి భూముల్లో 20 ఏళ్లకు పైగా రోజుకు సగటున 2,000 హెక్టార్లు ఉప్పు వల్ల పాడవుతూ వచ్చాయట. ఏడాదికి కాదు, రోజుకు. అందులో ప్రతి ఎకరం వెనక ఒక కుటుంబం ఉండి ఉంటుంది. మా నాన్నలాగే గట్టు మీద నిలబడి, ఇందులో ఇక ఏం వెయ్యాలిరా అని కొడుకుని అడిగిన మనిషి ఉండి ఉంటాడు.

అందుకే మీ పని గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఉప్పు కయ్యల్లో, సముద్రపు పోటు తగిలే బురదలో శాలికోర్నియా లాంటి మొక్కలు హాయిగా పెరుగుతాయి. వాటి వేళ్ల చుట్టూ ఉన్న పలచటి మట్టిపొరలో కోట్ల బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. హాలోమోనాస్, కుష్నేరియా, రకరకాల బాసిల్లస్ జాతులు అక్కడ దొరుకుతాయి. ఉప్పు ఎక్కువగా ఉన్న నీళ్లలో వేస్తే మామూలు కణం ఎండుద్రాక్షలా ముడుచుకుపోతుంది, ఎందుకంటే లోపలి నీరు బయటికి లాగేయబడుతుంది. ఈ బ్యాక్టీరియా దానికి ఒక ఉపాయం కనిపెట్టుకున్నాయి. బయట ఉప్పు పెరిగే కొద్దీ లోపల ఎక్టోయిన్, బీటైన్, ప్రోలీన్ లాంటి చిన్న అణువులను తయారుచేసి నింపుకుంటాయి. అవి నీటిని లోపలే పట్టి ఉంచుతాయి, కణంలో జరిగే పనులకు అడ్డు రావు. ఉప్పు తగ్గితే వాటిని బయటికి వదిలేస్తాయి. ఎక్టోయిన్‌ను 1985లో ఈజిప్టులోని వాడి నట్రూన్ ఉప్పు సరస్సుల బ్యాక్టీరియాలో గుర్తించారు. ఇప్పుడు హాలోమోనాస్ ఎలంగేటాను పెద్ద ట్యాంకుల్లో పెంచి, ఒకసారి ఉప్పు పెంచుతూ ఒకసారి తగ్గిస్తూ, ఆవు పాలు పిండినట్టు దాని నుంచి ఎక్టోయిన్ పిండుకుంటున్నారు. అది చర్మానికి రాసే క్రీముల్లోకి వెళుతుంది. క్రీముల దాకా వచ్చిన ఈ జ్ఞానం పొలం దాకా రావాలని కోరుకోవడం అత్యాశ కాదనుకుంటాను.

ఈ బ్యాక్టీరియా తాము బతకడంతో ఆగవు, పక్కనున్న మొక్కనూ ఆదుకుంటాయి. ఆ సంగతి తోటి రైతులు కూడా చదువుతారని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఉప్పు మొక్కను రెండు దెబ్బలు కొడుతుంది. మొదటిది దాహం. మట్టి తడిగానే ఉంటుంది, కానీ ఆ నీటిని ఉప్పు పట్టుకుని వదలదు. పక్కన నీళ్లున్నా వేరు తాగలేదు. రెండో దెబ్బ నెమ్మదిగా పడుతుంది. ఉప్పులోని సోడియం ముసలి ఆకుల్లో పేరుకుని పొటాషియం చేయాల్సిన పనులకు అడ్డం పడుతుంది, ఆకు మాడిపోతుంది. ఈ రెండింటి ఒత్తిడిలో మొక్క ఎథిలీన్ అనే వాయువును ఎక్కువగా తయారుచేస్తుంది. కాయలు పండడానికి పనికొచ్చే వాయువే అది. లేత మొక్కలో హద్దు దాటితే వేరు ఎదుగుదల ఆగిపోతుంది. అంటే ఉప్పు చేసే నష్టం కొంత, కంగారులో మొక్క తనకు తాను చేసుకునే నష్టం కొంత.

కొన్ని బ్యాక్టీరియా అడ్డుకునేది ఈ రెండో నష్టాన్ని. ఎథిలీన్‌గా మారాల్సిన ముడిసరుకు ఏసీసీ అనే పదార్థం. అది వేరు నుంచి కొంత బయటికి కారుతుంది. ఏసీసీ డీఅమినేజ్ అనే ఎంజైము ఉన్న బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టి అందులోని నత్రజనిని వాడుకుంటాయి. బ్యాక్టీరియాకు తిండి దొరుకుతుంది, మొక్కకు ఎథిలీన్ తగ్గుతుంది, వేరు మళ్లీ సాగుతుంది. ఇది ఎలా జరుగుతుందో కెనడా శాస్త్రవేత్త బెర్నార్డ్ గ్లిక్ బృందం 1998లో వివరించింది. 2004లో ఆయనా ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలూ కలిసి, అరావా ఎడారి ప్రాంతం నుంచి తీసిన అక్రోమోబాక్టర్ పీచాడీ అనే బ్యాక్టీరియాను టమాటా నారు మీద ప్రయోగించారు. లీటరు నీటికి సుమారు 10 గ్రాముల దాకా ఉప్పు కలిపినా, బ్యాక్టీరియా అందిన నారు అందని నారు కన్నా బాగా బరువు పెరిగింది.

ఆ పత్రంలో ఒక మాట ఉంది. బ్యాక్టీరియా అందిన నారులో సోడియం తగ్గలేదు.

ఈ ఉత్తరానికి మూలం ఆ మాటే. ఆ బ్యాక్టీరియా ఉప్పును తినలేదు, తరిమెయ్యలేదు. ఉప్పు ఉన్నచోటే ఉంది, మొక్క దాన్ని ఓర్చుకుంది, అంతే. ఇంకో దారిలో పనిచేసే బ్యాక్టీరియా కూడా ఉన్నాయని తెలుసు. బాసిల్లస్ సబ్టిలిస్‌లో ఒక రకం, ఉప్పు నేలది కాదు, మామూలు మట్టిదే, అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో సోడియం రవాణా చేసే జన్యువును వేరులో తగ్గించి, పైభాగంలో పెంచి, మొక్క మొత్తంలో సోడియం తగ్గేలా చేసిందని 2008లో చూపించారు. జిగురు లాంటి పదార్థం వదిలి వేరు దగ్గర సోడియాన్ని బంధించేవీ ఉన్నాయి. ఇవన్నీ మొక్కను కాపాడే పనులే. మడిలో ఉన్న ఉప్పు ఒక్క కిలో కూడా తగ్గదు.

ఈ తేడా మీకు బాగా తెలుసు. మా దాకా వచ్చేసరికి అది మాయమవుతోంది. నాకు ఎలా మాయమైందో చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక కంపెనీ మనిషి మా దగ్గరికి ఒక సీసా తెచ్చాడు. ఇందులోని బ్యాక్టీరియా చౌడును తినేస్తుంది, మూడు పంటల్లో మడి మామూలైపోతుంది అన్నాడు. మైక్రోబయాలజీ చదివిన నాకే ఆ మాట తప్పని తెలిసీ నోరు పెగల్లేదు, ఎందుకంటే నాకు ఆశ ఉంది. కొన్నాను. నారు వేళ్లు ఆ నీళ్లలో ముంచి నాటాను. ఆ ఏడు పంట బాగుంది. బోడి మచ్చ సగానికి తగ్గింది. ఊరంతా చూసి వెళ్లింది, నేనూ గర్వంగా చూపించాను. మరుసటి ఏడు పదిమంది కొన్నారు. ఆ ఏడు వాన ముఖం చాటేసింది. నాటిన ఇరవై రోజులకే మా మడులూ వాళ్ల మడులూ మాడిపోయాయి. అప్పుడు కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. మొదటి ఏడు పంటను నిలబెట్టింది సీసానా, ఉప్పును కడిగేసిన వానలా అన్నది నేను ఎప్పటికీ చెప్పలేను. ఎందుకంటే సీసా వెయ్యని చాలు ఒక్కటి కూడా మిగల్చలేదు. డిగ్రీలో మాకు మొట్టమొదట నేర్పిన పాఠం అది. నా సొంత పొలంలో నేనే దాన్ని పక్కన పెట్టాను. నన్ను నమ్మి కొన్న ఆ పదిమందికి నేను క్షమాపణ చెప్పుకున్నాను. అందులో ఇద్దరు ఇప్పటికీ బ్యాక్టీరియా అనే మాట వింటే లేచి వెళ్లిపోతారు.

మీ పనికి జరిగే అసలు నష్టం ఇదే. రేపు మీరు నిజంగా పనికొచ్చేది తెచ్చినా, ఆ ఇద్దరూ దాన్ని ముట్టుకోరు.

ఉప్పు లెక్క ఒకసారి చూడండి. లీటరుకు 0.64 గ్రాముల ఉప్పున్న నీళ్లు, అంటే ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత కొలత) సుమారు 1 ఉన్నవి, సాగుకు మంచి నీళ్లలోకే వస్తాయి. ఒక హెక్టారుకు ఒక పంటకాలంలో మీటరు లోతు నీళ్లు పెడితే అది కోటి లీటర్లు. వాటితోపాటు మడిలోకి చేరే ఉప్పు 6.4 టన్నులు. ఆ నీళ్లు ఆవిరై పోతాయి, మొక్క తాగేస్తుంది. కోతలో మనం తీసుకెళ్లే ఉప్పు అందులో కొంచెమే. మిగిలింది కిందికి కారిపోయే దారి లేకపోతే అక్కడే పేరుకుంటుంది. పోయినేడాది ఉప్పు మీద ఈ ఏడాది ఉప్పు. ఎంత మంచి బ్యాక్టీరియా అయినా ఈ టన్నుల ముందు ఏం చేస్తుంది? మురుగు కాలువ తవ్వాలి, నీటిమట్టం దించాలి, వాననీటితోనో మంచి నీటితోనో ఉప్పును కిందికి కడగాలి. కారుచౌడైతే ముందు జిప్సం వెయ్యాలి, ఎందుకంటే అక్కడ సోడియం మట్టిని బిగదీసేసి నీరు దిగనివ్వదు. పాలచౌడుకూ (తెల్లగా ఉప్పు తేలిన నేల) కారుచౌడుకూ (సోడియం బిగదీసిన నేల) మందు ఒకటి కాదని భూసార పరీక్ష చేసే కుర్రాడు కూడా చెబుతాడు. నాకు అమ్మిన సీసా మీద మాత్రం అన్ని రకాల చౌడుకూ అని రాసి ఉంది.

మరి బ్యాక్టీరియా ఎందుకు అంటారేమో. నా నమ్మకం ఏమిటంటే, కాలువ తవ్విన రోజునే ఉప్పు పోదు. పోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో రైతు పంట తియ్యకుండా బతకలేడు. ఆ మధ్యకాలంలో పంటను నిలబెట్టే ఊతకర్రగా బ్యాక్టీరియా పనికొస్తుంది. ఇంకో చోటా పనికొస్తుంది: ఉప్పు మధ్యస్థంగా ఉండి, పూర్తిగా కడగడం ఎప్పటికీ కుదరని నేలల్లో.

ఊతం ఎంత ఉంటే చాలో కూడా చెప్పొచ్చు. ఏ పంట ఎంత ఉప్పు తట్టుకుంటుందో చెబుతూ అమెరికా శాస్త్రవేత్తలు మాస్, హాఫ్‌మన్ 1977లో వేసిన పట్టిక ఇప్పటికీ అందరూ వాడతారు. దాని ప్రకారం నేల ఈసీ 3 దాటాక వరి దిగుబడి ఒక్కో యూనిట్‌కు సుమారు 12 శాతం పడిపోతుంది. బార్లీ 8 వరకు తట్టుకుంటుంది, గోధుమ 6 వరకు, మొక్కజొన్న 1.7 దగ్గరే తగ్గడం మొదలవుతుంది. మా మడిలో మెరుగ్గా ఉన్న చోట ఈసీ 7 వచ్చింది. అంటే ఈ లెక్కన పంట దాదాపు సగం పోవాలి, నిజంగానే సగం పోతోంది. మీ బ్యాక్టీరియా 7 ఉన్న నేలను మొక్కకు 6 లాగా అనిపించేటట్టు చేసినా చాలు. ఆ ఒక్క యూనిట్ మాకు పన్నెండు శాతం పంట. అద్భుతం ఎవరూ అడగడం లేదు. కానీ బోడి మచ్చలో ఈసీ 14 ఉంది. అక్కడ ఈ పట్టిక లెక్కలో వరికి ఏమీ మిగలదు. దేన్ని చల్లినా అక్కడ మొలవదని నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ మచ్చను వదిలేసి, పక్కనున్న చోటే ప్రయత్నించేవాణ్ణి. సీసా మీద గడువు తేదీ ఉన్నట్టే, ఏ ఈసీ నుంచి ఏ ఈసీ వరకు, ఏ పీహెచ్ వరకు, ఏ పంటకు పనిచేస్తుందో అచ్చు వెయ్యాలని అనుమతులిచ్చే అధికారులను చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ ఒక్క వరుస ఉంటే సగం మోసం ఆగిపోతుంది.

ఇక శాస్త్రవేత్తలైన మీతో. మీ పత్రాల్లో ఎక్కువ ప్రయోగాలు కుండీల్లోనే జరుగుతున్నాయి. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు యూటా ఉప్పు నేలల మొక్కల వేళ్ల దగ్గర నుంచి హాలోమోనాస్, బాసిల్లస్ రకాలు తీసి, 1 శాతం ఉప్పులో అల్ఫాల్ఫా గడ్డిని బాగా పెంచి 2019లో ప్రచురించారు. గుజరాత్ తీరంలోని శాలికోర్నియా వేళ్ల నుంచి, గాలిలోని నత్రజనిని పట్టే, ఉప్పును ఓర్చుకునే కొత్త బ్యాక్టీరియాను 2012లో వెలికితీశారు. వాటిలో ఒకదాన్ని వేరుశనగ మీద కూడా పరీక్షించారు. చదువుతుంటే కడుపు నిండినట్టు ఉంటుంది. కానీ కుండీకీ మడికీ మధ్య చాలా దూరం ఉంది, ఆ దూరం ఎక్కువ భాగం మేమే నడవాల్సి వస్తోంది.

కుండీలో మీరు కలిపేది సోడియం క్లోరైడ్ ఒక్కటే. మా మట్టిలో దానితోపాటు సల్ఫేట్లు, మెగ్నీషియం, బైకార్బనేట్లు అన్నీ ఉంటాయి. మీరు ఉప్పు ఒకే మోతాదులో పోస్తారు. మా దగ్గర నీళ్లు పెట్టిన రోజు తగ్గుతుంది, ఎండిన కొద్దీ రెట్టింపవుతుంది. పై అంగుళంలో ఒకలా, వేరు కింద ఇంకోలా ఉంటుంది. ఉప్పు లేనిదే బతకని బ్యాక్టీరియా వాన పడి మట్టి కడుక్కుపోయిన వారంలో ఏమవుతుంది? ఉప్పు ఉన్నా లేకపోయినా నెట్టుకొచ్చే రకం మాకు కావాలి, ఉప్పు కయ్యలోనే రాజ్యమేలే రకం కాదు. దీన్ని కొలవడం మీకు కష్టం కాదు: కుండీలోనే ఉప్పును వారం వారం పెంచి తగ్గించి చూడండి. కుండీ మట్టిని మీరు ఆవిరితో శుభ్రం చేస్తారు, అక్కడ మీ బ్యాక్టీరియాకు పోటీ లేదు. నెల నారును పీకి తూకం వేసి పత్రం రాస్తారు. వరి ఎక్కువగా దెబ్బతినేది నారు దశలోనూ పూత దశలోనూ. నారు గట్టెక్కినంత మాత్రాన గింజ నిండుతుందని అనుకోవడానికి లేదు. మా తాలు గింజలే సాక్ష్యం. దయచేసి కోత దాకా ఉండండి. గింజ తూకం చెప్పండి.

మట్టిలో పోటీ ఎంత ఉంటుందో నేనొకసారి లెక్క వేశాను. గ్రాముకు వంద కోట్ల కణాలున్న కిలో ప్యాకెట్ అంటే మొత్తం లక్ష కోట్లు. వినడానికి పెద్ద సంఖ్యే. ఒక హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 2,000 టన్నులు. గ్రాముకు పది కోట్ల బ్యాక్టీరియా ఉన్నాయనుకుంటే, కొత్తగా వచ్చిన ఒక్కో అతిథికి ఎదురుగా అప్పటికే కాపురం ఉంటున్నవి రెండు లక్షలు. చల్లి వదిలేస్తే ఆ అతిథి ఎక్కడ నిలబడతాడు? అందుకే విత్తనానికి పట్టించడం, నారు వేరు ముంచడం లాంటివి చల్లడం కన్నా మేలని నాకనిపిస్తుంది. కనీసం వేరు దగ్గరైనా మొదటి చోటు మనవాళ్లకు దొరుకుతుంది. పప్పుజాతి వేళ్లలో ఉండి గాలిలోని నత్రజనిని పట్టే రైజోబియం బ్యాక్టీరియా ఎందుకు నెగ్గింది? 1896లోనే జర్మనీ శాస్త్రవేత్తలు నోబె, హిల్ట్నర్ దాన్ని సీసాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోందంటే, పప్పుజాతి మొక్క దానికి వేరు మీద బుడిపె కట్టి ఇల్లిచ్చింది కాబట్టి. మీ ఉప్పు బ్యాక్టీరియాకు అలాంటి ఇల్లు లేదు. వేరు లోపలి కణజాలంలోకి దూరి ఉండే రకాలను వెతుకుతున్నవాళ్లు మీలో ఉన్నారు. నాకు ఎక్కువ ఆశ వాళ్ల మీదే.

నాటిన నెలకూ కోతకూ వేరు తీసి, మీరు వేసిన బ్యాక్టీరియా ఇంకా ఉందా అని చూడండి. అది లేకుండానే పంట బాగుంటే బాగు చేసింది వేరేదన్న మాట. ఇంకొకటి కూడా చాలా పత్రాల్లో కనిపించదు: బ్యాక్టీరియాను వేడి చేసి చంపి, అదే ద్రావణాన్ని పక్క చాలులో పొయ్యడం. చచ్చిన కణాల్లోనూ నత్రజని ఉంటుంది, పెంచిన ద్రావణంలోనూ పోషకాలుంటాయి. బతికిన సీసాకూ చచ్చిన సీసాకూ తేడా రాకపోతే మేం కొంటున్నది ఖరీదైన ఎరువు నీళ్లు. చౌడు ఒక మడిలోనే అడుగడుక్కీ మారుతుంది కాబట్టి ప్రతి చిన్న గడికీ ఈసీ విడిగా కొలవాలి. లేకపోతే మంచి మట్టి పడ్డ చాలుకు బ్యాక్టీరియా పేరు వస్తుంది.

భద్రత గురించి కూడా చెప్పాలి. వేళ్ల దగ్గర ఉప్పును తట్టుకునే బ్యాక్టీరియాను వెతికేటప్పుడు సూడోమోనాస్ ఏరుజినోసా, స్టెనోట్రోఫోమోనాస్ మాల్టోఫిలియా, బర్ఖోల్డేరియా సెపాసియా లాంటివీ బయటపడతాయి. ఆసుపత్రుల్లో నీరసంగా ఉన్న రోగులకు ఇన్ఫెక్షన్ తెచ్చేవి ఇవి. కుండీలో మొక్కను బాగా పెంచాయని వీటినీ పొగుడుతూ రాసిన పత్రాలు చదివినప్పుడు నాకు టెన్షన్ వస్తుంది. మేం ఆ ద్రావణంలో చేతులు మోచేతుల దాకా ముంచుతాం. చేతికి కోత పడి ఉంటుంది. పిల్లలు గట్టు మీదే ఆడుకుంటారు. మొదటి జల్లెడ ఇదే కావాలి: మనిషికి హాని చేసే జాతి అయితే, దాని పనితనం ఎంతున్నా అక్కడితో ఆపెయ్యండి.

నిల్వ గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలియనిది కాదు. రేకుల షెడ్డులో ఎండాకాలమంతా పడి ఉన్న సీసాలో బతికినవి ఎన్ని అన్నది అమ్మే రోజు లెక్కపెట్టాలి, తయారైన రోజు కాదు. సిద్ధబీజాలు (గట్టి పెంకులో నిద్రపోయే రూపం) కట్టే బాసిల్లస్ రకాలు వేడికి ఎక్కువ ఓర్చుకుంటాయి. రెండు రకాలు సమానంగా పనిచేస్తే బీజాలు కట్టేదాన్నే ఎంచుకోండి.

నిధులిచ్చేవారికి ఒక మనవి. రెండేళ్ల ప్రాజెక్టులో కొత్త బ్యాక్టీరియా పేరు పెట్టొచ్చు, పత్రం రాయొచ్చు. చౌడు నేలకు వానలు బాగున్న ఏడు ఒకటి, లేని ఏడు ఒకటి తప్పనిసరిగా చూడాలి. నాకు జరిగిన మోసమంతా ఒక్క మంచి ఏడాదిని చూసి నమ్మడం వల్లే. మూడు పంటకాలాలకు తక్కువ కాని పొలం ప్రయోగాలకు డబ్బివ్వండి. మురుగు కాలువ తవ్విన పొలంలోనూ తవ్వని పొలంలోనూ ఒకే బ్యాక్టీరియాను పక్కపక్కన పరీక్షించేవాళ్లకు ముందు ఇవ్వండి. పనిచెయ్యలేదు అని తేలినా ఆ ఫలితాన్ని ప్రచురించాలన్న షరతు పెట్టండి. ఓడిపోయిన ప్రయోగం మీ సొరుగులో ఉంటే, అదే ఓటమిని మేం మా పొలంలో మా డబ్బుతో మళ్లీ కొనుక్కుంటున్నాం.

ఈ బ్యాక్టీరియాను ఎక్కడి ఉప్పు కయ్యల నుంచి తీశారో ఆ కయ్యల పక్కన బతికేవాళ్ల మాటా మర్చిపోకండి. జీవవనరుల లాభం పంచుకోవాలన్న నగోయా ఒప్పందం 2014 నుంచి అమల్లో ఉంది. వాళ్ల మట్టి నుంచి వచ్చిన సీసాను వాళ్లకే పూర్తి ధరకు అమ్మడం న్యాయం కాదు.

అడగడమే కాదు, ఇవ్వగలిగింది కూడా ఇస్తాను. మా రెండు మడులూ మూడు పంటకాలాలకు మీకు వదిలేస్తాను. కౌలు వద్దు. పూడిపోయిన మురుగు కాలువను ఒక మడి పక్కన నేనే తవ్విస్తాను, రెండోది అలాగే ఉంచుతాను. అడుగడుక్కీ మట్టి తీసి సంచుల్లో కట్టి పేరు రాసి ఇవ్వడం నాకు వచ్చు. రోజూ నీళ్ల లెక్క, వాన లెక్క రాసి పెడతాను. నేను పెట్టే షరతులు రెండే. ప్రతి మడిలో సగం చాళ్లు ఏమీ వెయ్యకుండా వదలాలి, ఏ చాలులో బతికిన సీసా పోశారో ఏ చాలులో చచ్చినది పోశారో కోత అయ్యేదాకా నాకు చెప్పకూడదు, ఎందుకంటే ఆశ పడ్డప్పుడు నా కళ్లను నేనే నమ్మలేనని ఒకసారి తెలిసింది. రెండోది, కోత రోజు నన్ను నమ్మి ఆ సీసా కొన్న పదిమందినీ గట్టు మీదికి పిలుస్తాను. లేచి వెళ్లిపోయే ఆ ఇద్దర్నీ బతిమాలి తీసుకొస్తాను. తూకం ఏదొస్తే అది, ఎక్కువైనా తక్కువైనా సమానమైనా, వాళ్ల ముందు మీ నోటితో మీరే చదవాలి.

ఇట్లు,
రెండు చౌడు మడుల రైతు